ఆన్‌లైన్ టూల్‌లో కట్టిన కోర్సు మీ చేతిలోనే ఉండాలంటే: సోర్స్ ఫైళ్ల బ్యాకప్, హక్కులపై సమగ్ర మార్గదర్శి

అనంతపురం జిల్లాలో రైతులకు డ్రిప్ నిర్వహణ నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఉందనుకుందాం. బోరు నీళ్లలోని ఉప్పు పేరుకుని లేటరల్ పైపుల రంధ్రాలు మూసుకుపోతే ఏం చేయాలి, ఫిల్టర్ ఎలా కడగాలి, యాసిడ్ పట్టించేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి, ఇవన్నీ ఫోటోలతో, గొంతుతో, చిన్న చిన్న ప్రశ్నలతో బ్రౌజర్‌లో పనిచేసే ఒక టూల్‌లో కట్టారు. ఏడాది తర్వాత ఒక పాఠంలో రెండు వాక్యాలు మార్చాల్సి వచ్చింది. అప్పటికి టూల్ సబ్‌స్క్రిప్షన్ అయిపోయింది. కోర్సు కట్టిన అబ్బాయి బెంగళూరులో వేరే ఉద్యోగంలో చేరిపోయాడు. ఆఫీసులో మిగిలింది ఒక జిప్ ఫైలు. దాన్ని ఎల్‌ఎంఎస్‌లో, అంటే పాఠాలు చూపించి మార్కులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌లో, పెడితే కోర్సు చక్కగా నడుస్తుంది. ఆ రెండు వాక్యాలు మార్చే దారి మాత్రం కనపడదు.

కర్నూలు, కడప, అనంతపురం కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో, స్వచ్ఛంద సంస్థల్లో ఇప్పుడు చాలామంది ఇలాంటి కోర్సులు తయారుచేస్తున్నారు. పెద్ద కంపెనీల్లోలాగా ఫైళ్లు చూసుకోవడానికి ప్రత్యేకంగా మనిషి ఉండడు. పాఠం రాసేదీ, గొంతు ఇచ్చేదీ, ఎల్‌ఎంఎస్‌లో ఎక్కించేదీ ఒక్కరే. అలాంటివారి శ్రమ ఒక కంపెనీ లాగిన్ పేజీ వెనకాల ఇరుక్కుపోకూడదు. ఈ మార్గదర్శి అందుకోసం రాసింది.

ముందు తేడా తెలియాలి: సోర్స్ వేరు, ప్యాకేజీ వేరు

కోర్సు అనే మాట కింద మూడు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి సోర్స్, అంటే తెరిచి మార్చగలిగే రూపం. రెండోది పబ్లిష్ చేసిన ప్యాకేజీ, అంటే చదివేవాళ్లకు చూపించే రూపం. మూడోది రికార్డులు, అంటే ఎవరు ఎంతవరకు చదివారు, ఎన్ని మార్కులొచ్చాయి అనేవి.

ఎక్కువమంది దాచుకునేది రెండోదాన్ని. వేయించిన శనక్కాయలు తినడానికి బాగుంటాయి, విత్తితే మొలవవు. ప్యాకేజీ కూడా అంతే.

స్కార్మ్ ప్యాకేజీనే తీసుకోండి. 2001లో వచ్చిన స్కార్మ్ 1.2 ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉంది. అమెరికా రక్షణ శాఖ చొరవతో పుట్టిన ప్రమాణమిది. ఒక చోట తయారైన కోర్సు ఏ ఎల్‌ఎంఎస్‌లోనైనా నడవాలి, మార్కులు నమోదు కావాలి అన్నదే దాని ఉద్దేశం. ఒక టూల్‌లో కట్టినదాన్ని మరో టూల్‌లో తెరిచి దిద్దుకోవాలన్నది ఏనాడూ దాని పని కాదు. జిప్ విప్పి చూస్తే ఐఎంఎస్ మేనిఫెస్ట్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు, దానితోపాటు వెబ్ పేజీలు, బొమ్మలు, స్క్రిప్టులు ఉంటాయి. కంప్యూటర్ బాగా తెలిసినవాళ్లు అందులోకి దూరి ఒకటో రెండో మాటలు మార్చగలరేమో గానీ, దాని మీద ఆధారపడి ప్రణాళిక వేసుకోలేం.

బ్రౌజర్‌లో కదిలే బొమ్మలు, ఆటలు నడిపిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ పోయినప్పుడు సోర్స్ విలువ బాగా తెలిసింది. అడోబీ 2020 డిసెంబర్ 31న ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్‌లో ఆ కంటెంట్ నడవకుండా అడ్డుకుంది. సోర్స్ ఫైళ్లు ఉన్నవాళ్లు వాటిని, ఇప్పటి బ్రౌజర్లు నేరుగా చదివే హెచ్‌టీఎంఎల్5 రూపంలో మళ్లీ పబ్లిష్ చేసుకునే ప్రయత్నమైనా చేయగలిగారు. పబ్లిష్ చేసినవి మాత్రమే ఉన్నవాళ్లు మొదటినుంచీ కట్టుకోవాల్సి వచ్చింది. నిన్నమొన్నటి సంగతి కావాలంటే గూగుల్ వారి ఆన్‌లైన్ వైట్‌బోర్డు జామ్‌బోర్డ్ ఉంది. అది 2024 డిసెంబర్ 31న మూతపడింది. కంపెనీ ఎంత పెద్దదైనా సరే, ఒక టూల్ ఎప్పటికీ ఉంటుందని అనుకోవద్దు.

మొదటి అడుగు: ఏ టూల్ నుంచి ఏం బయటికి వస్తుందో రాసుకోండి

మీరు వాడే ప్రతి టూల్ గురించీ మూడు ప్రశ్నలు వేసుకోండి. సోర్స్ నా కంప్యూటర్‌లోకి దిగుతుందా? దిగినదాన్ని అదే టూల్‌లోకి మళ్లీ ఎక్కించి మార్చగలనా? వేరే టూల్ ఏదైనా దాన్ని తెరుస్తుందా? ఒక ఎక్సెల్ షీట్ తెరిచి జవాబులు రాసి పెట్టుకోండి.

ఆర్టిక్యులేట్ అనే కంపెనీ టూల్ రైజ్ 360లో కోర్సు అంతా వాళ్ల సర్వర్‌లోనే ఉంటుంది. వెబ్, ఎల్‌ఎంఎస్, పీడీఎఫ్ రూపాల్లో బయటికి తీయవచ్చు. కానీ తీసిన స్కార్మ్ ప్యాకేజీని తిరిగి రైజ్‌లోకి ఎక్కించి దిద్దుకోలేం. అందులో ఉన్న మంచి వెసులుబాటు ఏమిటంటే, ఆర్టిక్యులేట్ 360 ఖాతా ఉన్న ఇంకొకరికి కోర్సు కాపీ పంపవచ్చు. అనువాదం కోసం ఇచ్చే ఎక్స్‌లిఫ్ ఫైలులో కోర్సు పాఠ్యం వస్తుంది కాబట్టి మాటలనైనా కాపాడుకోవచ్చు. అదే కంపెనీ స్టోరీలైన్ సంగతి వేరు. అది కంప్యూటర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్, దాని సోర్స్ ఫైలు మీ డిస్క్‌లోనే ఉంటుంది. రైజ్ కోర్సు మధ్యలో స్టోరీలైన్ బ్లాక్ పెట్టి ఉంటే ఆ సోర్స్ ఫైలును విడిగా దాచాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు.

క్విజ్‌లు, ఇంటరాక్టివ్ వీడియోలు లాంటివి తయారుచేసే టూల్ హెచ్‌5పీ ఈ విషయంలో మన పక్షాన ఉంటుంది. సైటులో ఆపేసి ఉండకపోతే ప్రతి కార్యకలాపం కింద రీయూజ్ బటన్ ఉంటుంది, నొక్కితే హెచ్‌5పీ ఫైలు దిగుతుంది. అది పేరుకు వేరే ఎక్స్‌టెన్షన్ అయినా నిజానికి జిప్ ఫైలే. మూడ్‌ల్ అనే ఎల్‌ఎంఎస్‌లో చేసినదాన్ని వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్‌లోనో, లూమి అనే ఉచిత డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లోనో తెరిచి మార్చుకోవచ్చు. అంటే మూడు ప్రశ్నలకూ జవాబు అవుననే. ఒక జాగ్రత్త ఉంది. ఇంటరాక్టివ్ వీడియోలో యూట్యూబ్ లింకు పెట్టి ఉంటే ఫైలులోకి లింకు మాత్రమే వస్తుంది, వీడియో రాదు.

గూగుల్ డాక్స్, స్లైడ్స్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కంప్యూటర్‌లోని డ్రైవ్ ఫోల్డర్‌లో కనిపించే జీడాక్, జీస్లైడ్స్ ఫైళ్లలో మీ పాఠం ఉండదు, ఆన్‌లైన్ డాక్యుమెంట్‌కు వెళ్లే దారి మాత్రమే ఉంటుంది. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి లాగి బ్యాకప్ అయిందనుకుంటే ఏమీ మిగలదు. ఫైల్ మెనూలోంచి వర్డ్, పవర్‌పాయింట్ రూపంలో దించుకోవాలి. లేదంటే ఖాతాలోని ఫైళ్లను ఒకేసారి దించుకోనిచ్చే గూగుల్ టేక్‌అవుట్ వాడితే అదే మార్చి ఇస్తుంది. టేక్‌అవుట్ లింకు దాదాపు వారంలో గడువు తీరిపోతుంది కాబట్టి మెయిల్ రాగానే దించుకోండి.

కాన్వా డిజైన్లను పీపీటీగా, పీడీఎఫ్‌గా తీసుకోవచ్చు. పీపీటీలో తెలుగు అక్షరాల అమరిక చెదిరే అవకాశం ఉంది కాబట్టి రెండూ ఉంచుకోవడం మంచిది.

రెండో అడుగు: బయట రాసి, లోపల కట్టండి

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగు మాత్రమే పాటించే ఓపిక ఉంటే ఇది పాటించండి. టూల్‌లో నేరుగా టైపు చేయకండి. పాఠాన్ని ముందు మీ కంప్యూటర్‌లో వర్డ్‌లోనో లిబ్రెఆఫీస్‌లోనో పూర్తిగా రాసుకుని, అక్కడినుంచి టూల్‌లోకి తీసుకెళ్లండి. అప్పుడు టూల్ రేపు పోయినా మీ పాఠం పోదు. మళ్లీ కట్టుకునే శ్రమ మాత్రమే మిగులుతుంది.

స్క్రిప్ట్‌ను నాలుగు గడుల పట్టికగా పెట్టుకుంటే చాలు. మొదటి గడిలో స్క్రీన్ నంబరు, రెండో గడిలో తెర మీద కనిపించే మాటలు, మూడో గడిలో వినిపించే మాటలు, నాలుగో గడిలో ఆ స్క్రీన్‌కు వాడిన ఫోటో, ఆడియో ఫైళ్ల పేర్లు. టూల్‌లో చివరి నిమిషంలో ఏదైనా మార్చితే అదే రోజు స్క్రిప్ట్‌లోనూ మార్చాలి. ఇది కాస్త విసుగు పుట్టించే పని. అయినా వదలకూడదు, ఎందుకంటే స్క్రిప్ట్‌కూ కోర్సుకూ తేడా వచ్చాక దేన్ని నమ్మాలో తెలియదు.

తెలుగులో రాసేవాళ్లు ఒక విషయం తప్పక చూసుకోవాలి. మన ఊళ్ల డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలా మెటీరియల్ అను ఫాంట్లలో ఉంటుంది. అది అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ పద్ధతి కాదు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి, వెతికితే ఏ మాటా దొరకదు. పాత నోట్సును ఒకసారి యూనికోడ్‌లోకి మార్పించి, ఒత్తులూ పొల్లులూ సరిగా వచ్చాయో లేదో చదివి చూసి, అప్పుడే దాన్ని సోర్స్‌గా లెక్కించండి. కోర్సులో వాడే ఫాంటు కూడా ఉచిత లైసెన్స్ ఉన్న మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటిది అయితే ఆ ఫాంట్ ఫైలును కోర్సు ఫోల్డర్‌లోనే పెట్టుకోవచ్చు.

ప్రశ్నలను కూడా టూల్‌లోనే వదిలేయకండి. మూడ్‌ల్ ప్రశ్నల నిధిని రెండు రకాలుగా బయటికి తీయవచ్చు. గిఫ్ట్ అనేది మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు, చేత్తో దిద్దుకోవచ్చు. మూడ్‌ల్ ఎక్స్‌ఎంఎల్‌లో ప్రశ్నలోని బొమ్మలు కూడా వస్తాయి. బొమ్మలున్న ప్రశ్నలకు రెండోదే వాడండి. ఇలాంటి సదుపాయం లేని టూల్ అయితే ప్రశ్న, ఎంపికలు, సరైన జవాబు, వివరణ అన్నీ ఎక్సెల్‌లో ఉంచుకోండి.

ఫోటోల దగ్గర ఎక్కువ నష్టం వాట్సాప్ వల్లే జరుగుతోంది. పొలంలో ఫిల్టర్ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే అది చిన్నదైపోయి వస్తుంది. రంధ్రంలో పేరుకున్న తెల్లటి ఉప్పు అసలు కనపడకుండా పోతుంది. కేబుల్‌తో తీసుకోండి, లేదా వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమనండి. ఆడియోను వేవ్ ఫైలుగా దాచండి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనోలో నిమిషానికి సుమారు 6 ఎంబీ అవుతుంది. ఎంపీ3 టూల్‌లో ఎక్కించడానికి సరిపోతుంది. తర్వాత ఒక మాట కోసి కొత్తది అతికించాలంటే వేవ్ ఫైలే కావాలి. వీడియో అయితే ఎడిటింగ్ ప్రాజెక్ట్ ఫైలుతోపాటు కెమెరా నుంచి వచ్చిన అసలు క్లిప్పులు కూడా ఉండాలి. ప్రాజెక్ట్ ఫైలులో సాధారణంగా క్లిప్పులు ఉండవు, అవి ఎక్కడున్నాయో మాత్రమే ఉంటుంది.

మూడో అడుగు: ఫోల్డర్లు, పేర్లు

కోర్సుకు ఒక ఫోల్డర్. లోపల స్క్రిప్ట్, ఫోటోలు, ఆడియో, వీడియో, ప్రశ్నలు, టూల్ సోర్స్, పబ్లిష్ చేసినవి, లైసెన్సులు అని ఎనిమిది ఫోల్డర్లు. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. తెలుగు పేర్లంటే నాకూ ఇష్టమే గానీ, కొన్ని ఎల్‌ఎంఎస్‌లు జిప్ విప్పేటప్పుడు వాటిని సరిగా చదవలేవు. పేరు చివర తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో రాస్తే ఫైళ్లు వాటంతటవే వరసలో నిలబడతాయి. విండోస్‌లో ఫోల్డర్ దారితో కలిపి పేరు సుమారు 260 అక్షరాలు దాటితే జిప్ విప్పేటప్పుడు ఇబ్బంది వస్తుంది, కాబట్టి కోర్సుల ఫోల్డర్‌ను నేరుగా డి డ్రైవ్ మొదట్లోనే పెట్టండి.

ఫైనల్, ఫైనల్ 2, కొత్త ఫైనల్ అనే పేర్లు వద్దు. కడపలో బ్రౌన్ దొర తన బంగళాలో పండితులను పెట్టి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి, సరైన పాఠం ఏదో తేల్చే పని చేయించాడు. మన కోర్సుకు అంత కష్టం అక్కర్లేదు. ఏ ప్రతి ఎప్పటిదో, అందులో ఏం మారిందో ఒక టెక్స్ట్ ఫైలులో ఒక్కో వాక్యం రాసుకుంటే సరిపోతుంది.

నాలుగో అడుగు: బయటికి తీయడం

మూడ్‌ల్‌లో ఇలా చేయండి. ఈ వరస మూడ్‌ల్ 4 నుంచి ఉన్న రూపానికి వర్తిస్తుంది.

1. కోర్సు తెరిచి, పైన మోర్ అనే చోట కోర్స్ రీయూజ్‌కు వెళ్లి బ్యాకప్ ఎంచుకోండి.
2. మొదటి పేజీలో నమోదైన విద్యార్థులను చేర్చే గడి కనిపిస్తే టిక్ తీసేయండి. సోర్స్ కాపీలో విద్యార్థుల వివరాలు ఉండనవసరం లేదు.
3. తర్వాతి పేజీలో అన్ని పాఠాలకూ టిక్ ఉందో లేదో చూసి, ముందుకు వెళ్లి బ్యాకప్ నడపండి.
4. తయారైన ఎంబీజెడ్ ఫైలును మీ కంప్యూటర్‌లోకి దించుకోండి.

నాలుగోది అతి ముఖ్యం. బ్యాకప్ విజయవంతం అని పచ్చటి సందేశం కనపడగానే చాలామంది పేజీ మూసేస్తారు. ఆ ఫైలు అదే సర్వర్‌లో కూర్చుంటుంది. సర్వర్ పోతే కోర్సూ, దాని బ్యాకప్పూ కలిసే పోతాయి. ఇంకో సంగతి, పాత వెర్షన్ బ్యాకప్‌ను కొత్త మూడ్‌ల్‌లో ఎక్కించవచ్చు గానీ, కొత్తదాన్ని పాత మూడ్‌ల్‌లో ఎక్కిస్తే పనిచేస్తుందన్న భరోసా లేదు. అందుకే ఏ వెర్షన్‌లో తీశారో ఫైలు పేరులోనే రాయండి.

విద్యార్థుల వివరాల గురించి ఒక మాట. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగా లెక్కిస్తుంది. ఇంటర్ పిల్లల ఫోన్ నంబర్లు, మార్కులు ఉన్న ఫైలు నలుగురి పెన్‌డ్రైవ్‌లలో తిరగకూడదు. రికార్డుల బ్యాకప్ కావాలంటే అడ్మిన్ చేత విడిగా తీయించి, పాస్‌వర్డ్ పెట్టి, విడిగా దాచండి.

రైజ్ లాంటి టూల్‌లో ప్రతి విడుదలకూ స్కార్మ్ ప్యాకేజీ, వెబ్ ప్యాకేజీ, పీడీఎఫ్ మూడూ తీసుకోండి. మళ్లీ కట్టాల్సి వస్తే పీడీఎఫ్ చూసి ఏది ఏ వరసలో ఉందో తెలుసుకోవచ్చు. స్టోరీలైన్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోనో, డ్రైవ్ ఫోల్డర్‌లోనో పెట్టి నేరుగా పనిచేయవద్దు, ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది. కంప్యూటర్ సొంత డిస్క్‌లో పనిచేసి, పని అయ్యాక కాపీ చేయండి.

ఐదో అడుగు: మూడు కాపీలు, ఒకటి వేరే ఊళ్లో

మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అనేది బ్యాకప్‌లో పాత సూత్రం. కర్నూలువాళ్లకు దీని అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. 2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరి మీద పడ్డప్పుడు ఇళ్లలో, ఆఫీసుల్లో, దుకాణాల్లో కాగితం ముక్క మిగలని చోట్లున్నాయి. ఒకే గదిలో కంప్యూటర్, పక్కనే బీరువాలో హార్డ్‌డిస్క్ ఉంటే అవి రెండు కాపీలు కావు. నీళ్లొచ్చినా, దొంగ వచ్చినా, షార్ట్ సర్క్యూట్ అయినా రెండూ ఒకేసారి పోతాయి.

కాబట్టి పని చేసే కాపీ కంప్యూటర్‌లో, రెండోది బయటి హార్డ్‌డిస్క్‌లో, మూడోది క్లౌడ్‌లో. నెట్ నెమ్మదిగా ఉండి వీడియోలు ఎక్కకపోతే ఇంకో హార్డ్‌డిస్క్ కొని నంద్యాలలోనో అనంతపురంలోనో నమ్మకమైన బంధువు ఇంట్లో పెట్టండి. పండక్కి వెళ్లినప్పుడు పాతది తెచ్చుకుని కొత్తది ఇచ్చి రావచ్చు. పెన్‌డ్రైవ్ ఫైళ్లు మోయడానికే, ఏళ్ల తరబడి దాచడానికి కాదు. వాడాల్సి వస్తే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు.

డ్రైవ్‌లో సింక్ పెట్టాం, అదే బ్యాకప్ అనుకోవద్దు. ఇక్కడ పొరపాటున తుడిచేస్తే అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో ఫైలు 30 రోజులే ఉంటుంది. సెలవుల్లో ఎవరో తుడిచిన ఫోల్డర్ కాలేజీ తెరిచేసరికి శాశ్వతంగా పోయి ఉండవచ్చు. సింక్ ఫోల్డర్‌కు బయట, తేదీ వేసిన జిప్‌లుగా ఒక ప్రతి ఉండాలి.

ఆరో అడుగు: తిరిగి తెరిచి చూడండి

తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. పరీక్షలకు ముందు రోజు రాత్రి టెన్షన్‌లో మొదటిసారి తెరవడం కంటే తీరికగా ఉన్న ఆదివారం తెరవడం మేలు.

జిప్ ఫైలును 7-జిప్‌తో టెస్ట్ చేస్తే అది పాడైందో లేదో చెబుతుంది. అదే సాఫ్ట్‌వేర్ కుడి క్లిక్ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క ఉంటుంది. అసలు ఫైలుకూ కాపీకీ ఆ పొడవాటి సంఖ్య ఒక్కటే అయితే కాపీ అక్షరం తేడా లేకుండా వచ్చినట్టు. ఎంబీజెడ్ ఫైలును ఒక ఖాళీ మూడ్‌ల్ కోర్సులో రీస్టోర్ చేయండి. హెచ్‌5పీ ఫైలును లూమిలో తెరిచి ఒక మాట మార్చి సేవ్ చేయండి. స్కార్మ్ ప్యాకేజీని, అలాంటివాటిని పరీక్షించే స్కార్మ్ క్లౌడ్ అనే సైటులో ఎక్కించి చివరిదాకా నడిపి, మార్కులు నమోదవుతున్నాయో చూడండి.

అన్నిటికంటే గట్టి పరీక్ష ఇంకొకటి ఉంది. కోర్సు కట్టని మనిషికి ఆ ఫోల్డర్ ఇచ్చి, స్క్రిప్ట్ ఆధారంగా ఒక్క పాఠం మళ్లీ కట్టమనండి. ఎక్కడ ఆగి మిమ్మల్ని అడుగుతారో అక్కడ మీ సోర్స్‌లో లోటు ఉన్నట్టు.

ఏడో అడుగు: ఖాతా ఎవరిది, హక్కు ఎవరిది

ఫైళ్లన్నీ ఉన్నా ఖాతా వేరేవాళ్ల చేతిలో ఉంటే కష్టమే. టూల్ ఖాతాను ఒక ఉద్యోగి సొంత జీమెయిల్‌తో తెరవకండి, సంస్థ పేరున మెయిల్ పెట్టుకోండి. ఓటీపీ వెళ్లే నంబరు కూడా సంస్థదే కావాలి. ఉద్యోగం మానేసిన మనిషికి ఫోన్ చేసి, అన్నా, ఓటీపీ చెప్పవా అని బతిమాలే పరిస్థితి ఎవరికీ రాకూడదు. లెక్చరర్లకు దీనికి తలకిందుల సమస్య ఉంది. యూనివర్సిటీ ఇచ్చిన మెయిల్‌లో సొంత పాఠాలు పెట్టుకుంటారు, బదిలీ అయ్యాకో రిటైరయ్యాకో ఆ ఖాతా మూసేస్తే అవి పోతాయి. సొంత గూగుల్ ఖాతా అయినా రెండేళ్లు తెరవకపోతే తొలగించే అధికారం గూగుల్‌కు ఉంది.

చట్టం సంగతికి వస్తే, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన పాఠానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. ఫ్రీలాన్సర్ రాసిన పాఠానికి మొదటి హక్కుదారు రాసినవారు. డబ్బులిచ్చాం కాబట్టి అంతా మాదే అనుకునే సంస్థలు ఈ మాట గుర్తుంచుకోవాలి. అయితే డబ్బిచ్చి తీయించుకున్న వీడియో, ఫోటో విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవారిది. ఒకే కోర్సులో పాఠం ఒకరిది, వీడియో ఇంకొకరిది కావచ్చన్నమాట. హక్కు బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. అందులో కాలం రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ లెక్క.

అందుకని పని మొదలయ్యే ముందే ఒప్పందంలో ఈ నాలుగు తేల్చుకోండి: సోర్స్ ఫైళ్లు ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏ రూపంలో, ఏ తేదీకి, చివరి విడత డబ్బుకు ముందా తర్వాతా. కోర్సు అని రాసి వదిలేస్తే ప్యాకేజీ ఇచ్చి పని అయిపోయిందనవచ్చు. స్క్రిప్ట్, ఆడియో వేవ్ ఫైళ్లు, ప్రశ్నల ఫైలు, టూల్ సోర్స్ అని పేరుపేరునా రాయండి. కోర్సు తయారుచేసే పిల్లలకూ ఒక మాట. సోర్స్ ఇవ్వడానికి వేరే ధర అడగడం తప్పు కాదు, ముందే చెప్పండి.

టూల్ ఇచ్చే బొమ్మల లైబ్రరీ నుంచి తీసుకున్నవి మీవి కావు. వాటిని టూల్ బయట వాడుకోవచ్చో లేదో షరతులు చదవండి. వికీమీడియా కామన్స్ ఫోటో అయితే తీసినవారి పేరు, లైసెన్స్, లింకు అప్పటికప్పుడు లైసెన్సుల ఫోల్డర్‌లో రాసి పెట్టుకోండి. సాధ్యమైనంతవరకు మన పొలాల్లో, మన ల్యాబుల్లో మనమే ఫోటోలు తీసుకోవడం ఉత్తమం. రైతుకూ తన పొలంలాంటి పొలమే కనపడుతుంది.

టూల్ వదిలేసేటప్పుడు

సబ్‌స్క్రిప్షన్ ఆపాలనుకుంటే గడువు తీరే రోజు వరకు ఆగకండి, కనీసం నెల ముందు మొదలుపెట్టండి. మొదట కోర్సుల జాబితా తీసి, ఏది ఇంకా నడుస్తోంది, ఏది పాతబడింది అని విడదీయండి. నడుస్తున్న కోర్సులకు అన్ని రూపాల ఎగుమతులూ తీసి, స్క్రిప్ట్‌తో ఒక్కొక్క స్క్రీన్ సరిచూడండి. టూల్‌లోనే అప్‌లోడ్ చేసి మీ దగ్గర అసలు లేని ఫోటోలు, ఆడియోలు ఉంటే వెబ్ ప్యాకేజీ జిప్‌లోంచి ఏరుకోండి. అవి కుదించిన రూపంలో ఉన్నా లేనిదానికంటే నయం. కదలికలు, క్లిక్ చేస్తే తెరుచుకునే భాగాలు పీడీఎఫ్‌లో కనపడవు కాబట్టి, వాటిని నడుపుతూ స్క్రీన్ రికార్డింగ్ చేసి పెట్టుకోండి. సమీక్ష కోసం అదే కంపెనీ సర్వర్ నుంచి పంపిన లింకులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో చూసి, వాళ్లకు కొత్త లింకు ఇవ్వండి. ఎల్‌ఎంఎస్‌లో ఎక్కించిన ప్యాకేజీ సొంతంగా నడుస్తోందా, లేక ఇంకా ఆ కంపెనీ సర్వర్ నుంచే పాఠం తెచ్చుకుంటోందా అని కూడా పరీక్షించాలి. కొన్ని టూళ్లు చిన్న ప్యాకేజీ ఇచ్చి అసలు పాఠాన్ని తమ దగ్గరే ఉంచుకుంటాయి. జిప్ సైజు కోర్సులోని వీడియోల కంటే బాగా చిన్నగా ఉంటే అనుమానించండి. ఇవన్నీ సరిపోయాక, కొత్త టూల్‌లో ఒక్క కోర్సునైనా పూర్తిగా కట్టి, పిల్లల చేత నడిపించి చూశాకే పాత ఖాతా రద్దు చేయండి.